రెండు గదుల యజమాని – మారుతున్న అద్దె చట్టాలు

కోటబొమ్మాళి, టెక్కలి, పలాస ప్రాంతంలో ఇళ్లు అద్దెకిచ్చేవారిలో పెద్ద భవనాలున్నవారు తక్కువ. కింద తాముంటూ మేడమీద రెండు గదులు వేసుకున్నవారు, బజారు వీధిలో తాత కట్టిన ఒక్క కొట్టు మిగిలినవారు, గల్ఫ్‌లో పదేళ్లు పనిచేసి పంపిన డబ్బుతో ఇల్లు కట్టి, కొడుకు తిరిగి వచ్చేదాకా ఒక వాటా అద్దెకిచ్చినవారు ఎక్కువ. భర్త పోయాక నెలనెలా వచ్చే మూడు నాలుగు వేల అద్దె మీదే పొయ్యి వెలిగించుకునే ఆడవాళ్లు ప్రతి వీధిలోనూ ఉన్నారు. మన సంఘానికి చందా రాసే దాతల్లో ఇలాంటి యజమానులున్నారు. సంఘం సాయం అందుకునే కుటుంబాల్లో అద్దె ఇంట్లో ఉండేవారున్నారు. అందుకని ఈ విషయాన్ని ఒక్క వైపు నుంచే చూడటం మనకు కుదరదు.

ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నది ఒక్కటే. అద్దెకు సంబంధించిన చట్టం గత ఎనభై ఏళ్లలో మెల్లగా దిశ మార్చుకుంది. ఒకప్పుడు అద్దె ఎంతుండాలో, అద్దెదారును ఎప్పుడు ఖాళీ చేయించవచ్చో ప్రభుత్వమే చెప్పేది. ఇప్పుడు ‘మీరిద్దరూ ఏమి రాసుకున్నారో చూపించండి’ అంటోంది. మన వైపు అద్దెలు మాత్రం ఇంకా నోటిమాట మీదే నడుస్తున్నాయి. పాత చట్టం వల్ల నష్టపోయింది ఎక్కువగా చిన్న యజమానే. కొత్త పద్ధతిలో కాగితం లేక ఇబ్బంది పడబోయేదీ అతనే.

ముందు పాత కథ కొంత చూద్దాం. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో పట్టణాల్లో ఇళ్ల కొరత వచ్చి అద్దెలు పెరిగిపోతే, వాటిని అదుపు చేయడానికి నియంత్రణ మొదలైంది. యుద్ధం ముగిసినా నియంత్రణ పోలేదు. 1949లో మద్రాసు రాష్ట్రం ఒక చట్టం చేసింది. అప్పటికి శ్రీకాకుళం ప్రాంతం ఆ రాష్ట్రంలోనే ఉంది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక 1960లో ‘ఆంధ్రప్రదేశ్ భవనాల (లీజు, అద్దె, ఖాళీ చేయింపు) నియంత్రణ చట్టం’ వచ్చింది. ఇందులో ‘న్యాయమైన అద్దె’ నిర్ణయించే లెక్క ఒకటుంది. 1944 ఏప్రిల్ 5కు ముందు పన్నెండు నెలల్లో ఆ ప్రాంతంలో ఉన్న అద్దె రేట్లను చూసి, దానిమీద కొంత శాతం కలపాలి. 1960లో చేసిన చట్టం 1944 నాటి రేటును కొలబద్దగా పెట్టుకుంది! బియ్యం ధర, ఇటుక ధర, తాపీ మేస్త్రి కూలి ఎక్కడికో పోయినా కొలబద్ద అక్కడే నిలిచింది.

ఆ చట్టం ఉద్దేశం చెడ్డది కాదని నా అభిప్రాయం. నాలుగు రోజుల నోటీసుతో సామాను వీధిలో పారేయడం ఆగింది. అద్దె బకాయి పెట్టడం, అనుమతి లేకుండా మరొకరికి ఇవ్వడం, యజమానికే సొంతానికి అవసరం కావడం వంటి కారణాలు రుజువు చేస్తేగాని ఖాళీ చేయించడానికి వీల్లేదన్నది మంచి సూత్రమే. అయితే దాని భారం ఎవరిమీద పడిందో చూడాలి. పది భవనాలున్న యజమాని వకీలును పెట్టుకుని పదేళ్లు కోర్టులో నిలబడగలడు. ఒక్క కొట్టున్న వితంతువు నిలబడలేదు. తక్కువ అద్దె రావడంతో మరమ్మతు చేయించడం మానేశారు. ఇల్లు పాడుబడింది, అందులో ఉన్నవాడూ పాడు ఇంట్లోనే ఉన్నాడు. బొంబాయిలో ఇదే జరిగింది. 1940 నాటి రేట్ల దగ్గర ఆగిపోయిన అద్దెలు కాలం గడిచేకొద్దీ అన్యాయంగా మారాయని సుప్రీంకోర్టు 1997 డిసెంబరులో మల్పే విశ్వనాథ్ ఆచార్య కేసులో చెప్పింది.

మన రాష్ట్రంలో ఇంకో చిక్కు వచ్చింది. 1957 ఆగస్టు 26 తర్వాత కట్టిన భవనాలకు 1960 చట్టం నుంచి మినహాయింపు ఉండేది. కొత్త ఇళ్లు కట్టేవారికి ప్రోత్సాహంగా ఇచ్చిన మినహాయింపు అది. పాతికేళ్లు గడిచినా దాన్ని అలాగే ఉంచడం సమానత్వానికి విరుద్ధమని 1983లో మోటార్ జనరల్ ట్రేడర్స్ కేసులో సుప్రీంకోర్టు కొట్టేసింది. అప్పటిదాకా చట్టం తమకు వర్తించదనుకున్న యజమానులు ఒక్కసారిగా దాని కిందికి వచ్చారు. తర్వాత ప్రభుత్వం కొత్త మినహాయింపులిచ్చింది. 2005లో చట్టాన్నే సవరించి, కట్టిన పదిహేనేళ్ల వరకు భవనాలకు, అలాగే అద్దె నెలకు కార్పొరేషన్లలో 3,500 రూపాయలు, మిగతా చోట్ల 2,000 రూపాయలు దాటిన భవనాలకు చట్టం వర్తించదని చెప్పింది. ఈ గీత ఎక్కడ పడిందో గమనించండి. ఎక్కువ అద్దె వచ్చే పెద్ద భవనం బయటపడింది, రెండు వేల లోపు అద్దె వచ్చే పాత ఇల్లు లోపలే ఉండిపోయింది.

ఇదంతా పట్టణాల కథ. 1960 చట్టం ప్రధానంగా హైదరాబాదు, సికింద్రాబాదు నగరాలకు, మునిసిపాలిటీలకు వర్తించేది. మిగతా చోట్ల ప్రభుత్వం ప్రత్యేకంగా నోటిఫై చేయాలి. కోటబొమ్మాళి వంటి పంచాయతీల్లో యజమానికి, అద్దెదారుకు మధ్య ఆధారం 1882 నాటి ఆస్తి బదిలీ చట్టమే. ఆ చట్టం ప్రకారం నెలవారీ అద్దె ఇంటికి పదిహేను రోజుల నోటీసు చాలు. తర్వాత సివిల్ కోర్టులో దావా. నోటీసులో ఒకటి రెండు రోజులు తేడా వచ్చిందని దావాలు వీగిపోయే రోజులుండేవి. 2002 డిసెంబరు 31 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ఆ ఇబ్బందిని చాలావరకు తీసేసింది.

ఇక 2017. ఆ ఏడాది ఆంధ్రప్రదేశ్ శాసనసభ నివాస, నివాసేతర భవనాల అద్దె చట్టం చేసింది. తెలంగాణలో 1960 చట్టమే కొనసాగుతోంది కాబట్టి హైదరాబాదులో ఇల్లున్న మన వాళ్లు రెండింటినీ కలిపి చూడకూడదు. కొత్త చట్టం స్వభావం వేరు. అద్దె ఎంతన్నది ఇద్దరి ఒప్పందం ప్రకారం, ఆ ఒప్పందం రాతలో ఉండాలి, తగవులకు ప్రత్యేక అధికార వ్యవస్థ ఉండాలి. 2021 జూన్ 2న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టానిదీ ఇదే దారి. నమూనా అంటే రాష్ట్రాలు తమ చట్టాన్ని సరిచూసుకోవడానికి ఇచ్చిన మచ్చు, నేరుగా ఎవరికీ వర్తించేది కాదు. ‘కేంద్రం కొత్త అద్దె రూల్సు తెచ్చింది, రేపటినుంచి జరిమానా’ అని ఫోన్లలో తిరిగే సందేశాలను ఈ ఒక్క మాటతో తూచవచ్చు.

అయినా ఆ మచ్చులో ఉన్నవి తెలుసుకోవడం మంచిది, ఒప్పందం రాసుకునేటప్పుడు కొలతగా పనికొస్తాయి. ఇంటికి అడ్వాన్సు రెండు నెలల అద్దె మించకూడదు, కొట్టుకైతే ఆరు నెలలు. అద్దె పెంచాలంటే, ఒప్పందంలో వేరే మాట లేకపోతే, మూడు నెలల ముందు రాతపూర్వకంగా చెప్పాలి. ఇంట్లోకి చూడటానికి వెళ్లాలన్నా ఇరవై నాలుగు గంటల ముందు తెలియజేయాలి. తగవు వచ్చిందని కరెంటు, నీళ్లు ఆపకూడదు. గడువు తీరాక కూడా ఖాళీ చేయకపోతే మొదటి రెండు నెలలు రెట్టింపు అద్దె, ఆపైన నాలుగు రెట్లు. ఈ చివరిది చదివి సంతోషపడే యజమాని ఒక ప్రశ్న వేసుకోవాలి. గడువు ఎప్పుడు తీరిందో చూపే కాగితం నా దగ్గర ఉందా?

ఆ కాగితం గురించి మన వైపు ఉన్న అపోహ పెద్దది. ‘పదకొండు నెలలకు రాసుకుంటే రిజిస్ట్రేషన్ అక్కర్లేదు’ అని అందరూ అంటారు. దేశంలో చాలా రాష్ట్రాల్లో అది నిజం. 1908 రిజిస్ట్రేషన్ చట్టం ఏడాది మించిన లీజులకే రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేసింది. ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం 1999 సవరణతో ఆ కాలపరిమితి మాట తీసేశారు. ఆ ఏడాది ఏప్రిల్ 1 నుంచి స్థిరాస్తి లీజు పత్రం ఏదైనా, ఎంత కాలానికైనా రిజిస్టరు కావలసిందే. వంద రూపాయల స్టాంపు కాగితం మీద పదకొండు నెలలకు రాసి, ఇద్దరు సాక్షుల సంతకాలు పెట్టించి బీరువాలో దాచిన పత్రం కోర్టులో లీజు షరతులను రుజువు చేయదు. ‘ఇతను నా అద్దెదారుగా లోపలికి వచ్చాడు’ అన్న పక్క విషయానికి మాత్రం పనికొస్తుంది. అదీ స్టాంపు సుంకం సరిగా కట్టి ఉంటేనే. అద్దె ఎంత, ఎప్పుడు పెరగాలి, ఎప్పుడు ఖాళీ చేయాలి అన్న అసలు విషయాలన్నీ మళ్లీ నోటి సాక్ష్యం మీదికే వస్తాయి.

రిజిస్ట్రేషన్‌కు ఖర్చవుతుంది నిజమే. అద్దెను, కాలాన్ని బట్టి స్టాంపు సుంకం, ఫీజు, పత్రం రాసేవారికి ఇచ్చేది, ఇద్దరికీ ఒక పూట పని పోవడం. రెండు వేల అద్దె గదికి ఇంత హంగామా ఎందుకని యజమాని అనుకోవడంలో తప్పు లేదు. అసలు ప్రభుత్వం ఈ చిన్న అద్దెలకు సుంకం నామమాత్రంగా పెట్టి, సచివాలయంలోనే నమోదు చేసే ఏర్పాటు చేస్తే బాగుంటుంది. అది జరిగేదాకా కనీసం రెండు పనులు ఖర్చు లేకుండా చేయవచ్చు. అద్దె బ్యాంకు ఖాతాకో ఫోన్‌పే ద్వారానో తీసుకోవడం ఒకటి, చేతికి తీసుకుంటే రశీదు ఇచ్చి దాని నకలు ఉంచుకోవడం ఇంకొకటి. రశీదు ఇస్తే అద్దెదారుకు హక్కు వస్తుందని భయపడి ఇవ్వనివారున్నారు. నిజానికి ఆ రశీదే అతను అద్దెదారు అని, మీరు యజమాని అని ఇద్దరి చేతా ఒప్పిస్తుంది.

పన్నెండేళ్లుంటే ఇల్లు అద్దెదారుదైపోతుందన్న భయమూ ఇలాంటిదే. అద్దెదారుగా, యజమాని అనుమతితో ఉన్నంతకాలం ఎన్నేళ్లున్నా హక్కు రాదు. అద్దెకు దిగినవాడు ఆ సమయంలో యజమానికి హక్కు లేదని వాదించడానికి వీల్లేదని 1872 సాక్ష్య చట్టం 116వ సెక్షన్ చెప్పింది. ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియంలోనూ ఆ సూత్రం 122వ సెక్షన్‌గా ఉంది. పన్నెండేళ్ల లెక్క వేరే చోట మొదలవుతుంది. నోటీసిచ్చి అద్దె ఒప్పందం రద్దు చేశాక, లేదా గడువు తీరాక, స్వాధీనం కోసం దావా వేయడానికి ఉన్న గడువు అది. నోటీసిచ్చి ఊరుకున్న యజమానికి ప్రమాదముంది. అద్దె బకాయికైతే గడువు మూడేళ్లే. ‘మనవాడే కదా, ఎప్పుడో ఇస్తాడు’ అని ఐదేళ్లు వదిలేస్తే, మొదటి రెండేళ్ల బాకీ కోర్టు ద్వారా రాబట్టుకోవడం కష్టం. అందులో మొహమాటానికి చోటుంది గాని చట్టానికి లేదు.

పలాస వైపు ఇంకొక ప్రత్యేక సమస్య జీడిపిక్కల షెడ్లది. ఖాళీ స్థలంలో రేకుల షెడ్డు వేసి పిక్కలు వలిచేవారికో, పప్పు గ్రేడింగు చేసేవారికో ఇస్తారు. ఇంటి అద్దెకు, తయారీ పనికి ఇచ్చిన అద్దెకు ఆస్తి బదిలీ చట్టం తేడా చూపిస్తుంది. తయారీ కోసం ఇచ్చిన లీజును, వేరే ఒప్పందం లేకపోతే, ఏడాది లెక్కన సాగేదిగా భావించి ఆరు నెలల నోటీసు ఇవ్వాలని 106వ సెక్షన్ అంటుంది. కాని ఏడాది లెక్కన సాగే లీజుకు రిజిస్టరు పత్రం ఉండాలి కాబట్టి నోటిమాట లీజును నెలవారీదిగానే చూడాలని సుప్రీంకోర్టు 2001లో సమీర్ ముఖర్జీ కేసులో తేల్చింది. అయినా ఖాళీ చేయమన్న రోజున అద్దెదారు ‘మాది తయారీ పని, ఆరు నెలలు కావాలి’ అంటాడు, యజమాని ‘పదిహేను రోజులు చాలు’ అంటాడు. జీడిపిక్కల సీజను మధ్యలో ఈ తగవు వస్తే ఇద్దరికీ నష్టమే. ఒప్పందంలో ఒక్క వాక్యం, ‘ఖాళీ చేయడానికి ఇన్ని నెలల నోటీసు, సీజను నెలల్లో కాదు’ అని రాసుకుంటే ఈ బాధ ఉండదు.

తుఫాను సంగతీ రాసుకోవాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల్నే కాదు, రేకుల ఇళ్లనూ ఎత్తుకుపోయింది. పైకప్పు పోయిన ఇంటికి అద్దె కట్టాలా? తుఫాను, వరద, అగ్ని వల్ల ఇంటిలో ముఖ్యమైన భాగం పూర్తిగా నాశనమైతే, లేదా తీసుకున్న పనికి శాశ్వతంగా పనికిరాకుండా పోతే, లీజును రద్దు చేసుకునే హక్కు అద్దెదారుకు ఉందని 108వ సెక్షన్ చెబుతుంది. ఎగిరిన నాలుగు రేకులు మళ్లీ వేయించగలిగితే ఆ హక్కు రాదు. అప్పుడు రేకుల ఖర్చు ఎవరిది? యజమాని చేయించవలసిన మరమ్మతు అతను చేయించకపోతే, నోటీసిచ్చిన కొంతకాలానికి అద్దెదారే చేయించుకుని అద్దెలో మినహాయించుకోవచ్చు. ‘యజమాని చేయించవలసినది’ ఏదన్నది మళ్లీ ఒప్పందంలోనే ఉండాలి. సముద్రం పక్కన ఉండే మనం ఈ షరతు లేకుండా అద్దె పత్రం రాయకూడదు.

ఇప్పుడు ఈ ప్రాంతంలో అద్దెల ఒత్తిడి పెరిగే కారణాలు రెండున్నాయి. సంతబొమ్మాళి మండలం మూలపేటలో 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన జరిగిన ఓడరేవు ఒకటి. పనులకు వచ్చే ఇంజనీర్లు, కాంట్రాక్టర్లు, కూలీలు నౌపడ, టెక్కలి, కోటబొమ్మాళి వైపు గదులు వెతుక్కోవడం సహజం. రెండోది, 2023 డిసెంబరు 14న పలాసలో ప్రారంభమైన కిడ్నీ పరిశోధన కేంద్రం, రెండు వందల పడకల ఆసుపత్రి. డయాలసిస్‌కు వారానికి రెండు మూడుసార్లు రావలసిన రోగి, తోడుగా ఒక మనిషి, దూరం నుంచి వచ్చేవారైతే దగ్గరలో గది చూసుకుంటారు.

ఈ రెండు రకాల అద్దెదారులూ ఒకటి కాదు. కాంట్రాక్టు కంపెనీకి ఇస్తే పత్రం, అడ్వాన్సు, గడువు అన్నీ వాళ్లే తెస్తారు. అచ్చయిన ఇంగ్లీషు ఒప్పందం మీద సంతకం పెట్టేముందు ఎవరిచేతనైనా చదివించుకోవాలి, అంతే. డయాలసిస్ రోగి కుటుంబం దగ్గర మూడు నెలల అడ్వాన్సు ఉండదు. ఉన్నా అది మందుల డబ్బు. వారికి నెల నెలా, తక్కువ అడ్వాన్సుతో, రాతలో ఇవ్వడం సాధ్యమే. రాత అంటే కట్టడి అని మాత్రమే అనుకుంటాం గాని, ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సు ఎన్ని రోజుల్లో తిరిగివ్వాలో రాసి ఉంటే మేలు పొందేది ఆ పేద కుటుంబమే. అడ్వాన్సు యజమాని డబ్బు కాదు, అతని దగ్గరున్న అమానతు. సున్నాలకు, గోడ మేకులకు అని చెప్పి దాన్ని సగం చేయడం మన మధ్యా జరుగుతోంది, దాచుకోవడం ఎందుకు?

పన్నుల విషయం కొంచెం. పలాస–కాశీబుగ్గ మునిసిపాలిటీలో ఇల్లున్నవారికి 2021 ఏప్రిల్ 1 నుంచి ఆస్తి పన్ను లెక్క మారింది. ఇంతకుముందు ఇంటికి ఏడాదికి రాదగిన అద్దెను బట్టి పన్ను వేసేవారు. ఇప్పుడు ఆస్తి మూలధన విలువను బట్టి వేస్తారు. ఏటా పెంపు పదిహేను శాతం మించకూడదన్న హద్దు ఉంది. కాని రిజిస్ట్రేషన్ విలువ పెరిగే వీధిలో పాత అద్దెకే ఉన్న కొట్టుకు పన్ను మాత్రం ఏటా పెరుగుతుంది. పెరిగిన పన్ను ఎవరు భరించాలన్నది రాసుకోని యజమాని తన అద్దెలోంచే భరిస్తాడు.

కొట్టును జీఎస్టీ రిజిస్ట్రేషను ఉన్న వ్యాపారికి ఇచ్చినవారికి 2024 అక్టోబరు 10 నుంచి ఇంకో మార్పు. యజమానికి జీఎస్టీ లేకపోయినా, ఆ అద్దెమీద పద్దెనిమిది శాతం పన్నును అద్దెదారే నేరుగా ప్రభుత్వానికి కట్టాలి. కాంపోజిషన్ పథకంలో ఉన్న చిన్న వ్యాపారులను 2025 జనవరి 16 నుంచి దీన్నుంచి తప్పించారు. పన్ను బాధ్యత అద్దెదారుదే అయినా, ‘మీ కొట్టువల్ల నాకు పద్దెనిమిది శాతం పడుతోంది, అద్దె తగ్గించండి’ అని అడుగుతున్నారు. చాలామంది వ్యాపారులు ఆ పన్నును తమ అమ్మకాల పన్నులో సర్దుబాటు చేసుకోగలరు. అది తెలిసిన యజమాని తగ్గించే ముందు ఒకసారి ఆ ప్రశ్న అడుగుతాడు.

చివరిగా దాతలకు నేరుగా సంబంధించిన మాట. కొందరు ‘నా కొట్టు అద్దె ఇకనుంచి సంఘానికే కట్టమని అద్దెదారుకు చెప్పాను’ అంటారు. ఉద్దేశం మంచిదే, కాని కొట్టు మీ పేరున ఉన్నంతకాలం ఆ అద్దె మీ ఆదాయమే. ఆస్తిని ఇవ్వకుండా దాని ఆదాయాన్ని మాత్రం ఇస్తే పన్ను ఇచ్చినవారి ఖాతాలోనే పడుతుందని 1961 ఆదాయ పన్ను చట్టం 60వ సెక్షన్ చెప్పింది. 2026 ఏప్రిల్ నుంచి కొత్త చట్టంలో నంబరు మారినా సూత్రం అదే. అద్దె మీరు తీసుకుని, అందులోంచి చందాగా రశీదు మీద ఇవ్వడం లెక్కకు శుభ్రంగా ఉంటుంది. అద్దెదారు కూడా యజమాని ఎవరో తెలియక తికమకపడడు.

కొట్టునే వక్ఫ్ చేయాలనుకునేవారు ఇంకొంచెం ఆలోచించాలి. ఆ రోజునుంచి అది సొంత ఆస్తి కాదు, దాని లీజుకు వక్ఫ్ చట్టం, 2014 నాటి వక్ఫ్ ఆస్తుల లీజు నియమాలు వర్తిస్తాయి. ఏడాది మించిన లీజుకు బోర్డు అనుమతి కావాలి, ముప్పై ఏళ్లు మించిన లీజు చెల్లదు. అప్పటికే అందులో ఉన్న అద్దెదారుతో నోటిమాట ఒప్పందమే ఉంటే, వక్ఫ్ చేసే ముందే అతనితో కూర్చుని అద్దె, గడువు రాతలో తేల్చుకుని, పత్రం నకలు ముతవల్లీకి అందజేయాలి.